నాలుగంగుళాల గుడ్డ

దాసరహళ్లి మెట్రో మెట్ల కింద
నారెప్ప కుట్టుమిషను.
కొత్త ప్యాంటు ఏది కొన్నా
ముందు ఆయన కత్తెరకు చూపించాలి.
కొలవడు. పదేళ్లుగా నా కాళ్లు ఆయనకు కంఠతా వచ్చు.
"ఎప్పట్దే గదప్పా" అంటాడు చింతామణి యాసలో.
కరకరమని
రెండు కాళ్ల నుంచి రెండు ముక్కలు రాలతాయి.
వాటిని అతికి మసిగుడ్డలు కుట్టి
పక్క టీ అంగడికి ఇస్తాడు.
నేను తాగే గ్లాసును తుడిచేది
నాకు రాని ఎత్తే.

పీణ్యాలో నా పని మిల్లీమీటరు.
వెర్నియర్ దవడల మధ్య బుష్షును పట్టి
వెంట్రుకలో వందో వంతు తేడా ఉన్నా
ఎర్ర ట్రేలో పడేస్తాను.
కాదనడం నాకు తెలిసిన విద్య.
కాదనిపించుకోవడమూ అలవాటే.
ఫోన్లో "అబ్బాయి ఎత్తెంత?" అన్నాక
అవతల వినపడే చిన్న "ఓహో",
దాన్ని కొలిచే గేజీ మా ఫ్యాక్టరీలో లేదు.

జయనగర్ డాక్టరు ప్లాస్టిక్ ఎముకను బల్ల మీద పెట్టి
"ఇక్కడ కోస్తాం" అన్నాడు,
సొరకాయ చూపిస్తున్నంత తేలిగ్గా.
లోపలొక కడ్డీ. రోజుకో మిల్లీమీటరు జరుగుతుంది.
ఖాళీ పడ్డ చోటును ఎముక తనే పూడ్చుకుంటుంది.
డెబ్బై అయిదు రోజులు.
ఆ తర్వాత నడక, మళ్లీ మొదట్నుంచి.
నరం మొండికేయొచ్చు. చీలమండ బిగుసుకోవచ్చు.
పరుగు సంగతి ఇప్పుడే చెప్పలేం.
"టాలరెన్స్ ఎంత సార్?" అని అడిగాను.
ఆయన ఓర్పు అనుకున్నాడు.
"అది మీ చేతిలోనే ఉంటుంది" అన్నాడు.

నెలమంగల అవతల సైటు కోసం
చీటీలు కట్టి దాచిన డబ్బుంది.
ముప్పై బై నలభై మట్టి,
లేదా
మూడంగుళాల గాలి.

మూడడుగులు అడిగినవాణ్ణి దేవుడన్నారు.
మూడంగుళాలు అడుగుతానంటే
మా అక్క భ్రమరాంబ
"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు,
నీకు ఇదొక్కటే పుట్టిందేంరా" అంది.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
అక్కదీ నా ఎత్తే.
ఆ సంగతి నాకు
ఫోన్ పెట్టేశాక తట్టింది.

ఆ రాత్రి మేడ మీంచి రెండు ఇటుకలు తెచ్చుకుని
గదిలో వాటి మీద నిలబడ్డాను.
బీరువా పైన దుమ్ము కనపడింది,
ఇన్నేళ్లూ అక్కడ శుభ్రంగా ఉందనుకున్నాను.
ఫ్యాను గాలి కాస్త ముందే తగిలింది.
అద్దంలో మాత్రం నా తల లేదు:
ఎవరిదో మెడ, ఎవరిదో గడ్డం.
అద్దానికి మేకు కొట్టింది నేనే, నా ఎత్తుకు.

అబద్ధమెందుకు, బాగుంది.
పాదాలు నొప్పెట్టేదాకా
దిగబుద్ధి కాలేదు.

శనివారం రెండు ప్యాంట్లు పట్టుకెళ్లాను.
నారెప్ప కత్తెర తీశాడు.
"ఆగు. కత్తిరించొద్దు. లోపలికి మడిచి కుట్టు."
పదేళ్లలో మొదటిసారి
నా కాళ్లని వదిలి మొహం చూశాడు.
"నాలుగంగుళాల గుడ్డప్పా. కాళ్లకాడ బరువైతాది."
"ఉండనీ."
గుడ్డ తిరగేసి, సుద్దతో గీత గీసి,
మడతను బొటనవేలితో నొక్కుతూ అడిగాడు:
"గట్టిగా వేసేద్దునా,
మళ్లా విప్పుకొనేట్ల వేద్దునా?"

తల మీద రైలు వచ్చింది.
ఆ చప్పుడులో నేనేదో అన్నాను.
నారెప్ప తలూపి
సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.